విశాఖలో ఎండ కాసినా జైపూర్ విమానం ఎందుకు ఆగింది

మీరు చెప్పిన పరిస్థితిని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే సమాధానమంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. తుపాను తీరం దాటిన మర్నాటికే విశాఖలో ఎండ వచ్చింది. ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడి ఒడిశాలోని జైపూర్, కోరాపుట్‌ల వైపు లారీలు కదలడం లేదు. మీ సేవాబృందం సేకరించిన ఇన్సులిన్, పాముకాటు మందు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు విమానాశ్రయం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఒక సంస్థ సెస్నా కారవాన్ అనే తన చిన్న విమానాన్ని ఉచితంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. అయినా దాని పైలట్ రెండు రోజుల పాటు బయలుదేరలేదు. తలమీద నీలాకాశం కనిపిస్తుంటే ఆయన ఆగడం జాగ్రత్తా, భయమా అని అడిగారు.

చిన్న విమానాలు నడిపి రిటైరై ఇక్కడే విశాఖలో స్థిరపడినవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీరిచ్చిన వివరాలను బట్టి చూస్తే ఆయన ఆగడం సరైనదే. తప్పు ఎక్కడైనా ఉంటే అది ఆ రెండు రోజులూ అందరూ జైపూర్ వైపే చూస్తూ కూర్చోవడంలో ఉంది. దాని గురించి చివర్లో చెబుతాను.

తుపానులోకి చిన్న విమానాన్ని ఎవరూ తీసుకెళ్లరు, కాబట్టి తుపాను వల్ల చిన్న విమానాలు కూలడం అరుదు. ప్రాణాలు తీసేది ఆ తర్వాతి రెండు మూడు రోజుల వాతావరణం. తీరం దాటిన తుపాను బలహీనపడి వాయుగుండంగా, ఆపైన అల్పపీడనంగా మారుతూ లోపలికి పోతుంది. రేడియోలో ఆ మాట వినగానే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ అల్పపీడనం సముద్రం మీది తేమగాలిని ఇంకా లాగుతూనే ఉంటుంది. ఆ గాలి తూర్పు కనుమలకు తగిలి పైకి లేచి, చల్లబడి, మేఘమవుతుంది. అందువల్ల బీచ్ రోడ్డులో ఎండ కాస్తున్న సమయంలోనే అనంతగిరి, అరకు, కోరాపుట్ పీఠభూమి మీద మేఘం నేలకు ఆనుకుని కూర్చుని ఉండవచ్చు. విశాఖలోని ఎండ విశాఖ గురించి మాత్రమే చెబుతుంది.

ఇక ఎత్తుల లెక్క చూడండి. విశాఖ విమానాశ్రయం దాదాపు సముద్రమట్టంలో ఉంది. అక్కడి నుంచి జైపూర్‌కు ఆకాశమార్గంలో సుమారు 150 కిలోమీటర్లు, కారవాన్‌కు అరగంట ప్రయాణం. కానీ ఆ అరగంటలో తూర్పు కనుమలను అడ్డంగా దాటాలి. అల్లూరి జిల్లాలోని అర్మకొండ సుమారు 1,680 మీటర్లు, కోరాపుట్ జిల్లాలోని దేవమాలి 1,672 మీటర్లు ఉన్నాయి. అంటే రెండూ దాదాపు 5,500 అడుగులు. బయటి దృశ్యం కనిపించకుండా పరికరాల మీద ఎగిరేటప్పుడు కొండప్రాంతంలో దారికి 8 కిలోమీటర్ల లోపు ఉన్న అత్యంత ఎత్తైన అడ్డంకి మీద కనీసం 2,000 అడుగుల ఖాళీ ఉండాలన్నది నియమం. కాబట్టి ఆ కొండల దరిదాపుల్లో 7,500 అడుగులకు తగ్గకుండా ఎగరాలి. ఆ ఎత్తులో మేఘంలోనే ఉంటారు, అది పెద్ద సమస్య కాదు. శిక్షణ ఉన్న పైలట్ మేఘంలో ఎగరగలడు. సమస్య దిగేటప్పుడు వస్తుంది. మేఘంలోంచి రేడియో కిరణం పట్టుకుని రన్‌వే దాకా తీసుకొచ్చే ఐఎల్‌ఎస్ జైపూర్‌లో లేదు. అక్కడ కంటికి నేల కనిపిస్తేనే దిగాలి. కంటిచూపుతో ఎగరడానికి 10,000 అడుగుల కింద 5 కిలోమీటర్ల దృశ్యస్పష్టత కావాలి, మేఘానికి పక్కగా 1,500 మీటర్లు, నిలువుగా 300 మీటర్లు దూరంగా ఉండాలి. పీఠభూమి మీద మేఘం కొండను తాకుతూ ఉంటే ఈ మూడూ ఒకేసారి కుదరవు.

అప్పుడు మిగిలేది మేఘం కింద నుంచి, లోయలో దూరి వెళ్లడం. తుపాను సహాయానికి వెళ్లిన చిన్న విమానాలు కూలడానికి ఇదే ముఖ్య కారణమని నా అనుభవం, నా చదువు రెండూ చెబుతాయి. మన దగ్గర కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కంటికి ఎంతో ఇంపుగా లోయల వెంట పైకి పోతుంది కాబట్టి, పట్టాలు పట్టుకుని పోతే అరకు చేరవచ్చు కదా అని కుర్ర పైలట్లకు అనిపిస్తుంది. కానీ ఆ మార్గంలో యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. పట్టాలు సొరంగంలోకి వెళ్లినప్పుడు రైలు కూడా వెళుతుంది, విమానానికి ఆ సౌకర్యం లేదు. లోయ సన్నబడిన చోట వెనుదిరగడానికి జాగా ఉండదు, మేఘం కిందికి వచ్చిన చోట ముందుకు పోవడానికి దారి ఉండదు. లోయకు ఒక పక్కకు ఒదిగి ఎగరాలని, ఎప్పుడైనా వెనుదిరిగేంత జాగా మిగుల్చుకోవాలని చెప్పే పాఠాలు ఎన్నో ఉన్నాయి. అవన్నీ లోయ కనిపిస్తున్నంతవరకే పనికొస్తాయి.

కనిపించకపోతే ఏమవుతుందో చెప్పే పరీక్ష ఒకటి ఉంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరికరాల మీద ఎగరడం నేర్వని 20 మందిని ఏమీ కనిపించని పరిస్థితిలో పెట్టి చూశారు. ఇరవై మందీ విమానంపై అదుపు కోల్పోయారు. దానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. చెవి లోపల ఉండే సమతుల్యత అవయవం మెల్లని వంపును పసిగట్టలేదు, దాంతో వంగిపోతున్న విమానం తిన్నగా ఉన్నట్టే తోస్తుంది. కారవాన్ నడిపే వాణిజ్య పైలట్‌కు ఈ శిక్షణ ఉంటుంది గనుక ఆయన ఆ ఇరవై మందిలో ఒకడు కాడు. కానీ లోయలో మేఘం కింద ఎగిరేటప్పుడు క్షణం బయటికి, క్షణం లోపలి పరికరాల వైపు చూస్తూ ఉండాలి. శిక్షణ పొందినవారిని కూడా తికమకపెట్టే స్థితి అది. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ వర్షమేఘాల మధ్య నల్లమలలో కూలి, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరో నలుగురు మరణించిన సంగతి మనవాళ్లెవరూ మరచిపోలేదు. దానికి రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. మీ కారవాన్‌కు ఉన్నది ఒక్కటే ఇంజను.

విదేశీ వ్యాసాలు చదివేవారికి ఇక్కడ ఒక మాట. చల్లని దేశాల పైలట్లు చెడు వాతావరణం అనగానే రెక్కల మీద పేరుకునే మంచు గురించి పేజీలకు పేజీలు రాస్తారు. మన ప్రాంతంలో ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయే ఎత్తు సుమారు 16,000 అడుగులు, కాబట్టి 8,000 అడుగుల ప్రయాణంలో ఆ బాధ లేదు. మనకు అసలు ప్రమాదం వేరే చోట ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు: ఎత్తును చూపే ఆల్టిమీటర్.

ఆల్టిమీటర్ ఎత్తును కొలవదు, గాలి పీడనాన్ని కొలిచి దాన్ని ఎత్తుగా చూపుతుంది. నేల దగ్గర ఒక మిల్లీబార్ తేడాకు దాదాపు 27 అడుగుల తేడా వస్తుంది. పైలట్ బయలుదేరే చోట టవర్ చెప్పిన పీడనాన్ని అందులో అమర్చి, దారిలో కొత్త విలువ అందినప్పుడల్లా మార్చుకుంటూ పోతాడు. తుపాను అవశేషం లోపల ఎక్కడో ఉన్నప్పుడు దాని వైపు పోతున్న విమానం పీడనం తగ్గే వైపు పోతున్నట్టే లెక్క. విశాఖలో 1,006 మిల్లీబార్లు అమర్చుకుని, 990 ఉన్న చోటికి పోయిన విమానంలో ఆల్టిమీటర్ 7,500 అని చూపుతుంటే అసలు ఎత్తు సుమారు 7,070 అడుగులే. 430 అడుగులు ఎగిరిపోయాయి, కానీ సూది కదలలేదు. మామూలు రోజుల్లో ఇది సమస్య కాదు, ఎందుకంటే ప్రతి విమానాశ్రయం తాజా పీడనం చెబుతుంది. తుపాను తర్వాత కరెంటు పోయి, టవర్లు, ఫోన్లు మూగబోయినప్పుడు ఆ విలువ చెప్పేవారే ఉండరు. ఇప్పుడు జీపీఎస్ ఎత్తుతో సరిచూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. కానీ పెనుకుదుపుల్లో, జోరువానలో, ఒక్క పైలట్ ఉన్న కాక్‌పిట్‌లో ఆ పని అనుకున్నంత తేలికగా సాగదు.

గాలి గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. కొండమీదుగా 30 నాట్ల (గంటకు సుమారు 55 కిలోమీటర్ల) గాలి వీస్తుంటే దాని వెనుక వైపు గాలి కిందికి దొర్లుతుంది. నిండు బరువుతో నిమిషానికి 800 అడుగులు ఎక్కే విమానాన్ని ఆ గాలి నిమిషానికి 1,000 అడుగుల చొప్పున కిందికి నొక్కగలదు. ఇక విశాఖలో పెద్ద రన్‌వే తూర్పు పడమరలుగా, 10/28 దిశలో (ఉత్తరం నుంచి 100, 280 డిగ్రీల వైపు) ఉంది. నైరుతి నుంచి 25 నాట్ల గాలి వీస్తే అందులో సుమారు 20 నాట్లు రన్‌వేకు అడ్డంగా పడతాయి. కారవాన్‌కు తయారీదారు పరీక్షించి చూపిన క్రాస్‌విండ్, అంటే అడ్డగాలి, 20 నాట్లే. అంటే జైపూర్ నుంచి వెనక్కి వచ్చినా ఇంటి దగ్గర దిగడం గ్యారంటీ కాదు. తడిసిన రన్‌వే మీద టైరు నీటిపై తేలిపోయే వేగానికి ఒక మోటు సూత్రం ఉంది: టైరు పీడనాన్ని పీఎస్‌ఐలో తీసుకుని దాని వర్గమూలాన్ని తొమ్మిదితో గుణించాలి. 36 పీఎస్‌ఐ ఉంటే 54 నాట్లు. చిన్న విమానం దిగే వేగం దానికంటే ఎక్కువే, కాబట్టి పొట్టి రన్‌వే మీద నీళ్లు నిలిచి ఉంటే నేలకు తగిలాక కూడా బ్రేకులు పట్టని దూరం కొంత ఉంటుంది.

ఇంధనం విషయానికి వస్తే మందుల బరువుతో నేరుగా తకరారు మొదలవుతుంది. గమ్యానికి చేరడానికి, అక్కడ దిగలేకపోతే మరో విమానాశ్రయానికి పోవడానికి, దానిపైన కనీసం అరగంట తిరగడానికి సరిపడా ఇంధనం ఉండాలి. మామూలు రోజుల్లో ఆ మరో విమానాశ్రయం రాజమహేంద్రవరమో, విజయవాడో అవుతుంది. తుపాను తర్వాత తీరం పొడవునా ఒకే వాతావరణం ఉంటుంది కాబట్టి, తీరం మీది ప్రత్యామ్నాయం కాగితం మీదే ప్రత్యామ్నాయం. లోపల ఉన్న రాయపూర్‌నో, హైదరాబాద్‌నో పెట్టుకోవాలి. కారవాన్ గంటకు ఇంచుమించు 150 నుంచి 180 కిలోల ఇంధనం తాగుతుంది. జైపూర్ నుంచి రాయపూర్‌కు ఆకాశమార్గంలో సుమారు 270 కిలోమీటర్లు, అంటే దాదాపు గంట. ఆ ఒక్క గంట ఇంధనం నింపుకుంటే మీ పెట్టెల్లో 150 కిలోలు నేల మీద మిగిలిపోతాయి. దాతలకు ఇది నచ్చదు. నింపుకోకుండా పోయే పైలట్ నాకు నచ్చడు.

ఇప్పుడు మీ పెట్టెల సంగతి. కారవాన్ మోయగలిగేది ఇంధనం, పైలట్ పోగా సుమారు ఒక టన్ను. ఒక లారీ మోసే దాంట్లో పదో వంతుకు అటూ ఇటూ. కాబట్టి బియ్యం, నీళ్ల సీసాలు అందులో ఎక్కించడం దండగ. లీటరు నీళ్లు కిలో బరువు, రోడ్డు తెరుచుకోగానే లారీలో బోలెడన్ని వస్తాయి. మందులు, శాటిలైట్ ఫోన్లు, రక్తం, నీటి శుద్ధి మాత్రల వంటివి మాత్రమే ఆ విమానానికి తగిన సరుకు. మీ జాబితాలో నాకు నచ్చనిది బ్లీచింగ్ పౌడర్. వరద తర్వాత బావుల్లో వేయడానికి ప్రతి పంచాయతీ మొదట అడిగేది అదే, నిజం. కానీ అది ఆక్సిడైజర్ (వేరేవాటిని మండించడానికి తోడ్పడే పదార్థం), విమాన రవాణాలో ప్రమాదకర సరుకుల కింద లెక్క. తడి తగిలి వేడెక్కితే క్లోరిన్ వాయువు విడుదలవుతుంది, పక్కన నూనెలాంటిది ఉంటే అంటుకోవచ్చు. మూసిన క్యాబిన్‌లో పైలట్‌కు అంతకంటే చెడ్డ తోడు ఉండదు. గ్యాస్ బండలు, పెట్రోలు మిగిలి ఉన్న జనరేటర్లు కూడా ఈ వర్గంలోనివే. తెలియక ఎక్కించేవారు చాలామంది. అలాగే తడిసిన బస్తా మీద రాసిన బరువు నమ్మకూడదు, ప్రతి బస్తానూ తూకం వేయాలి. బరువైనవి వెనక పడేస్తే విమానం ముక్కు పైకి లేచి అదుపు తప్పుతుంది, కుదుపుల్లో జారే పెట్టె కూడా అదే పని చేస్తుంది, కనుక వలలు, పట్టీలు బిగించకుండా ఏదీ కదలకూడదు.

ఇన్సులిన్ పాడైపోతుందనే ఆదుర్దా మీ ఉత్తరంలో బాగా కనిపించింది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచడం మంచిదే, కానీ 30 డిగ్రీలకు మించని చోట చాలా రకాల ఇన్సులిన్ నాలుగు వారాల వరకు పని చేస్తుంది. ఐసు ముక్కకు తగిలి గడ్డకడితే మాత్రం వెంటనే పనికిరాకుండా పోతుంది. మన దేశంలో పాముకాటు మందు ఎక్కువగా పొడి రూపంలో దొరుకుతుంది, దానికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. రెండు రోజుల ఆలస్యం వల్ల మీ సరుకు చెడిపోలేదు. రోగి అవసరం వేరే సంగతి, దాన్ని తేలిక చేసి చెప్పడం లేదు. కానీ మందు ఆగిందన్న ఆదుర్దాను, మందు చెడిందన్న ఆదుర్దాను విడదీసి చూడాలి.

కొందరు పై నుంచి పొట్లాలు జారవిడవవచ్చు కదా అంటారు. అనుమతి లేకుండా విమానం నుంచి వస్తువులు విడవడం నియమాలకు విరుద్ధం, దానికి తగిన కారణం ఉంది. 200 అడుగుల ఎత్తు నుంచి వదిలిన పొట్లం నేలకు చేరడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. 90 నాట్ల వేగంతో పోతున్న విమానం ఈలోగా 160 మీటర్లు ముందుకు పోతుంది, పొట్లం కూడా ఇంచుమించు అంతే దూరం పోయి పడుతుంది. కింద చేతులు చాచి నిలబడిన జనం మీద కిలో బరువు ఆ వేగంతో పడితే ఏమవుతుందో ఊహించండి. నెమ్మదిగా తిరిగే హెలికాప్టర్‌కు, డ్రోన్‌కు ఇది తగిన పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు హెలికాప్టర్లతో పాటు డ్రోన్లతోనూ ఆహారం అందించడం మనం చూశాం. పాడేరు, చింతపల్లి లాంటి చోట్లకు కూడా హెలికాప్టరే దారి.

విమానాశ్రయం బాగుందా, రన్‌వే బాగుందా అన్నవి కూడా వేర్వేరు ప్రశ్నలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను మన నగరం మీదుగానే వెళ్లింది. కాసేపు గాలి ఆగిపోయి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. అప్పుడు టెర్మినల్ పైకప్పు చీలిపోయి, పౌర విమానాలు మళ్లీ మొదలయ్యేసరికి అక్టోబరు 17 అయింది. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా వైమానిక స్థావరంలో ఉంది కాబట్టి అలాంటి రోజుల్లో రన్‌వే మీద తొలి హక్కు వారి సహాయక విమానాలదే. ప్రైవేటు విమానం ముందుగా అనుమతి, సమయం తీసుకోకుండా గాల్లోకి లేస్తే సహాయం చేయబోయి వాళ్లకు అడ్డుపడినట్టవుతుంది.

మీ పైలట్ మీద పడిన ఒత్తిడి గురించి కూడా చెప్పాలి. కొన్ని దేశాల హెలికాప్టర్ అంబులెన్సు సంస్థల్లో రోగి పసిబిడ్డా, పండుముసలా, ఎంత ప్రమాదంలో ఉన్నారు అన్నది పైలట్‌కు చెప్పరు. ఎక్కడికి వెళ్లాలో చెప్పి, వాతావరణాన్ని బట్టి వెళ్లగలవా లేదా అని మాత్రమే అడుగుతారు. ఆ జవాబు వచ్చాకే మిగతా విషయాలు. మీరు కూడా పైలట్‌కు సరుకు బరువు, అందులో ప్రమాదకరమైనవేమిటి, అన్నవి తప్పకుండా చెప్పండి. ఏ ఊళ్లో ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పి ఆయన మనసు మెత్తబరచవద్దు. హ్యాంగర్‌లో (విమానం నిలిపే షెడ్డులో) కెమెరాలు, ప్రజాప్రతినిధులు చేరకుండా చూడండి. బ్యానర్ కట్టిన విమానం ఆగడం చాలా కష్టం.

ఇక ఆ రెండు రోజుల్లో ఏం చేసి ఉండాల్సింది? మొదటి రోజే జైపూర్‌లో ఒక మనిషిని పట్టుకుని, ఎంత దూరంలో ఉందో తెలిసిన ఒక కొండను అతనికి గుర్తుచెప్పి, గంటగంటకూ దాని ఫొటో పంపించమని అడగాల్సింది. కొండ శిఖరం కనిపించే వేళలు రెండు రోజుల్లోనే ఒక పద్ధతిలోకి వస్తాయి. మామూలుగా తెల్లవారుజామున పీఠభూమి మీద మేఘం నేల పట్టి ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ లేస్తుంది, మధ్యాహ్నం దాటాక ఉరుముల మేఘాలు మళ్లీ కమ్ముతాయి. తొమ్మిది, ఒంటిగంటల మధ్య దొరికే ఖాళీని పట్టుకోవడానికి విమానాన్ని సరుకుతో, ఇంధనంతో, కట్లతో తెల్లవారేసరికే సిద్ధంగా ఉంచాలి. రెండో రోజుకీ ఆ ఖాళీ రాకపోతే జైపూర్ ఆశ వదిలి, ఐఎల్‌ఎస్ ఉన్న రాయపూర్‌కు ఏదైనా పెద్ద విమానంలో కార్గోగా పెట్టెలు పంపాల్సింది. అక్కడి నుంచి జగదల్‌పూర్ మీదుగా జైపూర్‌కు రోడ్డు ఉంది. జగదల్‌పూర్ పీఠభూమి మీదే ఉంది గనుక, మన వైపు ఘాట్‌లో విరిగిన చరియలు ఆ దారికి అడ్డం కావు. రాయపూర్‌లో ఒక వ్యాను మాట్లాడి ఉంటే సరుకు దించిన మర్నాటికల్లా జైపూర్ ఆసుపత్రికి చేరేది. బయలుదేరే ముందు కోరాపుట్ కలెక్టరు కార్యాలయంలోని కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి, ఆ దారిలో వంతెనలు ఎలా ఉన్నాయో, పెట్టెలు ఎవరికి అప్పగించాలో కనుక్కోవడం మరవకండి.